యౌతకము, సీదనము, కట్నము: దక్షిణాసియా దేశములలో ఒక పదవర్గపు వాడుక, శాసనము, సంఘస్థితి

1

దక్షిణాసియా దేశముల భాషలు సంస్కృతమునుండియు, అరబీ ఫారసీలనుండియు వేలకొలది పదములను పంచుకొన్నవి. ఈ సామ్యము పండితునకు ఎంత సౌకర్యమును కలిగించునో అంత ప్రమాదమును గూడ తెచ్చిపెట్టును. రూపము ఒక్కటే యైనపుడు అర్థమును ఒక్కటే యని తోచుట సహజము. కావ్యభాషలో ఇట్టి పొరపాటు దొరలినచో ఒక పద్యభావము చెడును. అంతకంటె హాని లేదు. న్యాయశాసనభాషలో దొరలినచో ఒక స్త్రీకి చెందవలసిన ఆస్తి చెందకపోవచ్చును, లేదా నేరమగునది హక్కుగను, హక్కగునది నేరముగను చదువబడవచ్చును.

వివాహ సందర్భమున వధువు పక్షమునుండి వచ్చు ధనమును తెలుపు పదములు ఇందుకు మంచి నిదర్శనము. తెలుగున కట్నము, కన్నడమున వరదక్షిణె, తమిళమున వరదట్చణై, మలయాళమున స్త్రీధనం, వంగభాషలో పణ్, జౌతుక్, హిందీలో దహేజ్, ఉర్దూలో జహేజ్, నేపాలీలో దాయిజో, శ్రీలంకలోని యాళ్పాణపు తమిళమున సీదనం అను పదములు వాడుకలో నున్నవి. వీనికన్నిటికి ఆంగ్లమున 'డౌరీ' యను ఒకే మాటను వ్రాయుట పరిపాటి. ఆ ఆంగ్లపదము మధ్యవర్తియై నిలిచి ఈ మాటలన్నియు పర్యాయపదములే యను భ్రాంతిని కలిగించినది. ఇవి పర్యాయపదములు కావనియు, ఒక్కొక్క దేశమున శాసనమును సంఘస్థితియు వీని అర్థమును వేరువేరు దిక్కులకు నడిపించిన వనియు నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

2

మొదట ధర్మశాస్త్రపరిభాషను పరిశీలింపవలెను. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము స్త్రీధనమును ఆరు విధములుగా పేర్కొన్నది. అగ్నిసాక్షిగా ఇచ్చినది, పుట్టినింటినుండి మెట్టినింటికి పోవునపుడు ఇచ్చినది, ప్రీతిచే ఇచ్చినది, తల్లి, తండ్రి, సోదరుడు ఇచ్చినవి ఆ ఆరు. యాజ్ఞవల్క్యస్మృతి ఈ పట్టికను మరికొంత పెంచినది. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కళ్యాణ నగరమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరా వ్యాఖ్యను రచించి, స్త్రీకి ఏ విధముగ సంక్రమించిన ధనమైనను స్త్రీధనమే యని ఆ పదమునకు విశాలమైన అర్థము చెప్పెను. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము దీనిని సంకోచపరచినది. మితాక్షరా సంప్రదాయము తెలుగువారికి పరాయిది కాదు. పదుమూడవ శతాబ్దిలోనే మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను.

ఈ సందర్భమున రెండు పదములు ప్రత్యేకముగా గమనింపదగినవి. ఒకటి యౌతకము. ఇది 'యుత' శబ్దమునుండి పుట్టినది. వధూవరులు కూడియున్న సమయమున ఇచ్చినదని వ్యాఖ్యాతల వివరణము. తల్లి యౌతకము కుమారీభాగమని మనువు చెప్పెను. అనగా అది తల్లినుండి అవివాహితయగు కుమార్తెకు సంక్రమించు ధనము. మగడుగాని, మామగాని, కుమారుడుగాని దానికి హక్కుదారు కారు. రెండవది శుల్కము. కన్యను ఇచ్చునపుడు వరుని పక్షమువారు చెల్లించు ధనము ఇది. కూతునకై తండ్రి శుల్కము తీసికొనరాదని మనువు నిషేధింపగా, యాజ్ఞవల్క్యుడు శుల్కమును స్త్రీధనభేదములలో చేర్చెను. శుల్కశబ్దము ప్రాకృతమార్గమున తెలుగునకు వచ్చి సుంకము అయినది. తత్సమమైన శుల్కము వివాహమును, తద్భవమైన సుంకము సంతపన్నును తెలిపినవి. నేటి హిందీలో శుల్క్ అనగా పాఠశాలలో కట్టు రుసుము. ఒకే ధాతువునుండి పుట్టిన మాటకు మూడు జీవితములు.

ప్రాచీనపరిభాషలోని స్త్రీధన, యౌతక శబ్దములు రెండును స్త్రీ స్వామ్యమును తెల్పునవి. వరునికి చెల్లింపు అను అర్థము వీనిలో లేదు. ఈ సంగతి జ్ఞాపకమున నుంచుకొన్నచో తరువాతి పరిణామము ఎంత దూరము పోయినదో తెలియును.

3

తెలుగున ఈ వ్యవహారమునకు సంబంధించిన పదసంపద మిక్కిలి పెద్దది. ఒక్కొక్క మాట ఎవరు ఎవరికి ఇచ్చుచున్నారను విషయమును స్పష్టముగా వేరుపరచును. వరుని పక్షము వధువు పక్షమునకు ఇచ్చునది ఓలి. ఇదియే శాస్త్రభాషలో కన్యాశుల్కము. 1897లో అచ్చయిన గురజాడ అప్పారావు నాటకము ఈ పేరితోనే ప్రసిద్ధమైనది. కూతురు అత్తవారింటికి పోవునపుడు తల్లిదండ్రులు ఇచ్చునది అరణము. ఇది సంస్కృత హరణశబ్దభవము. మహాభారతము ఆదిపర్వమున సుభద్ర వివాహానంతరము యాదవులు కానుకలు కొనివచ్చు ఘట్టమునకు హరణాహరణమను పేరు గలదు. ఆడుబిడ్డకు భూమి ఇచ్చినపుడు పసుపుకుంకుమ క్రింద ఇచ్చితి మందురు; అది ఆమె పేర నుండు భూమి. చీర, పిండివంటలు, పాత్రలు వెంట పంపినచో అది సారె. బంధుమిత్రులు పెండ్లిపందిటిలో ఇచ్చునవి చదివింపులు. వరుని తోబుట్టువులకు ఇచ్చునవి ఆడపడుచు లాంఛనములు.

కట్నమను మాట వీనిలో కొంత విలక్షణమైనది. బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు–ఆంగ్ల నిఘంటువున దానికి ప్రధానార్థము కానుక, బహుమానము అనునదే. 'కట్నకానుకలు' అను జంటపదమున ఈ అర్థము నేటికిని నిలిచియున్నది. తెలంగాణమున శుభకార్యములలో బంధువులు పెట్టు బట్టలకును రూకలకును కట్నము అనియే పేరు. అందు వరుడను ప్రసక్తియే లేదు. కాని పట్టణవిద్య, ప్రభుత్వోద్యోగము వరునికి విలువను పెంచిన కొలది, వరునికో వరుని తండ్రికో చెల్లింపబడు రొక్కమునకు ఈ మాట క్రమముగా రూఢమైనది. స్పష్టతకొరకు వర అను ఉపపదమును చేర్చి వరకట్నము అనిరి. కాళ్ళకూరి నారాయణరావు నాటకమునకు వరవిక్రయమని పేరిడుటలో ఈ మార్పుపై నాటి సంఘసంస్కర్తల తీర్పు ఇమిడియున్నది. కన్యాశుల్కమున అమ్ముడుపోవునది కన్య, వరవిక్రయమున వరుడు. రెండు నాటకముల పేర్లను ప్రక్కప్రక్కన నుంచినచో ఆంధ్రదేశమున ధనప్రవాహపు దిక్కు మారిన కథ తెలియును.

కన్నడ, తమిళములు ఇదే భావమునకు దక్షిణ అను శబ్దమును స్వీకరించినవి. కన్యాదానమను దానమునకు సాద్గుణ్యము కలుగుటకై గ్రహీతకు ఇచ్చునది దక్షిణ. వరదక్షిణ యన్నపుడు వరుడు ప్రతిగ్రహీత స్థానమున నిలుచును. ఆ మాట వ్యాపారమును వైదికకర్మపు ముసుగులో నుంచినది. తెలుగు కట్నమునకు ఆ ముసుగు లేదు.

4

భారతదేశమున ఈ ఆచారముపై శాసనము చేయుటలో తెలుగు రాష్ట్రము ముందున్నది. బీహారు 1950లో శాసనము చేయగా ఆంధ్రప్రదేశ్ 1958లో వరకట్న నిషేధ శాసనమును చేసెను. కేంద్రశాసనము 1961లో వచ్చినది. ఉభయసభల నడుమ అభిప్రాయభేదము కలుగుటచే ఆ సంవత్సరము మే నెలలో పార్లమెంటు సంయుక్త సమావేశము జరిగినది. స్వతంత్ర భారతమున అట్టి సమావేశము అదియే మొదటిది. శాసనము 1961 జులై 1 నుండి అమలునకు వచ్చినది.

ఈ శాసనపు నిర్వచనము భాషాదృష్టితో చదువదగినది. వివాహమున ఒక పక్షము వేరొక పక్షమునకు, లేదా ఒక పక్షమువారి తల్లిదండ్రులు వేరొక పక్షమునకు ఇచ్చిన, ఇచ్చుటకు ఒడంబడిన ఆస్తి యంతయు ఇందు చేరును. ఇచ్చినది వరుని పక్షమా, వధువు పక్షమా యను భేదము లేదు. కావున తెలుగు కట్నమును, దానికి విపరీతమైన ఓలియును ఒకే నిర్వచనమున ఇమిడినవి. ముస్లింల వివాహధర్మమునకు చెందిన మహర్ మాత్రము స్పష్టముగా మినహాయింపబడినది. మొదట 'వివాహమునకు ప్రతిఫలముగా' అని ఉన్న మాటలను 1984లో 'వివాహ సంబంధమున' అని మార్చిరి. ప్రతిఫలమని నిరూపించుట కష్టమగుటచే ఎందరో నిందితులు తప్పించుకొన్నారు. ఒక్క మాట మార్పుతో శాసనపరిధి విస్తరించినది. 1961లో ఆరు నెలలకు మించని కారాగారముగా నుండిన శిక్ష, 1986 సవరణముచే అయిదు సంవత్సరములకు తక్కువ కాని కారాగారము అయినది.

అదే శాసనములోని ఆరవ సెక్షను వేరొక మాట చెప్పుచున్నది. ఇచ్చిన కట్నము ఎవరి చేతిలో నున్నను అది వధువు మేలుకొరకు ఉంచబడినదిగా భావించి, నిర్ణీతకాలములో ఆమెకు అప్పగింపవలెను. ఇట్లు నిషిద్ధమైన కట్నమే, ఇచ్చివేసిన తరువాత, స్త్రీధన స్వభావమును పొందుచున్నది. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీం న్యాయస్థానము స్త్రీధనముపై భార్యకు సంపూర్ణస్వామ్యము గలదనియు, దానిని తిరిగి ఇయ్యని భర్త విశ్వాసభంగ నేరమునకు పాత్రుడగుననియు తీర్పు చెప్పెను. నేటి భారతీయ న్యాయవ్యవహారమున కట్నము, స్త్రీధనము అను రెండు మాటలును ప్రక్కప్రక్కన నడచును. మొదటిది నేరమునకు, రెండవది హక్కునకు పేరు. 1986లో శిక్షాస్మృతిలో చేరిన వరకట్న మరణమను నేరము, 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 80వ సెక్షనుగా కొనసాగుచున్నది.

5

ఈ రెండు మాటల భేదము మలయాళదేశమున చెరిగిపోయినది. అచ్చట స్త్రీధనం అనగా సామాన్యవ్యవహారమున కట్నమే. మలయాళీ గృహస్థుడు స్త్రీధనం అడిగినారన్నచో వరుని పక్షమువారు ధనము కోరినారని అర్థము. ఆ వాక్యమును తెలుగున స్త్రీధనము అడిగిరని వ్రాసినచో, స్త్రీ తన సొత్తును తాను కోరెనని పాఠకుడు గ్రహించు అవకాశము గలదు. అర్థము తలక్రిందు లగును.

ఈ అర్థపరిణామమునకు ఒక శాసనము సాక్షిగా నిలిచినది. 1916 నాటి తిరువాంకూరు క్రైస్తవ వారసత్వ శాసనము ప్రకారము, వీలునామా లేక మరణించిన తండ్రి ఆస్తిలో కుమార్తెకు కుమారుని భాగములో నాలుగవ వంతుగాని, అయిదువేల రూపాయలుగాని, ఏది తక్కువైన అది లభించును. ఆమెకు స్త్రీధనం ఇచ్చినను, ఇచ్చెదమని మాట ఇచ్చినను ఆ పాటి హక్కును లేదు. స్త్రీకి ధనమను అర్థముగల మాటయే స్త్రీని వారసత్వమునుండి తొలగించు సాధనమైనది. మేరీ రాయ్ వ్యాజ్యమున 1986లో సుప్రీం న్యాయస్థానము, 1951 నాటి కేంద్రశాసనముచే ఈ తిరువాంకూరు శాసనము రద్దయినదనియు, 1925 నాటి భారత వారసత్వ శాసనమే వర్తించుననియు నిర్ణయించెను. కుమార్తెలకు సమభాగము అట్లు సిద్ధించినది. శాసనము పోయినను మాట తన క్రొత్త అర్థముతోనే నిలిచినది.

ఇదే కాలమున తెలుగుదేశమున జరిగిన మార్పు దీనితో పోల్చదగినది. హిందూ అవిభక్తకుటుంబపు ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కు కల్పించుచు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణము 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించినది. కుమార్తెను ఆ హక్కునుండి తొలగించుటయే కట్న దురాచారమునకు కారణమైనదని ఆ సవరణపు ప్రస్తావనయే చెప్పినది. ఇరువది యేండ్ల తరువాత 2005లో కేంద్రశాసనము ఈ మార్గమునే అనుసరించెను. కట్నము వారసత్వమునకు బదులు అను వాదమును శాసనకర్తలు ఇచ్చట బహిరంగముగా ఎదుర్కొనిరి.

6

పాక్ జలసంధిని దాటి యాళ్పాణమునకు పోయినచో మరొక చిత్రము కాన్పించును. స్త్రీధనశబ్దమే తమిళమున సీదనం అయినది. తమిళనాడున వరదట్చణై ప్రబలగా యాళ్పాణమున సీదనమే నిలిచి, శాసనస్థానమును గూడ పొందినది. దేశవళమై యనబడు యాళ్పాణపు ఆచారధర్మమును 1706లో డచ్చివారి ఉద్యోగి క్లాస్ ఐసాక్స్ సంకలనము చేసెను. స్థానిక ముదలియార్లు పన్నిద్దరు దానిని పరిశీలించి సమ్మతించిరి. ఆంగ్లప్రభుత్వము 1806లో దానికి శాసనబలమును కల్పించినది.

దేశవళమై కుటుంబపు ఆస్తిని మూడు విధములుగా విభజించినది. తండ్రివైపునుండి వచ్చినది ముదుసం. భార్య తెచ్చినది సీదనం. దాంపత్యకాలమున ఆర్జించినది తేడియతేట్టం. ఈ చివరి పదసమాసమునకు వెదకి సంపాదించినది అని భావము. ప్రాచీన వ్యవస్థలో ముదుసం కుమారులకును, తల్లి సీదనం కుమార్తెలకును సంక్రమించుచుండెను. తల్లి యౌతకము కుమారీభాగమన్న మనువాక్యమునకు ఇది ఎంత దగ్గరగా నున్నదో విశదము. అయితే సీదనం పొందిన కుమార్తెకు తల్లిదండ్రుల మిగిలిన ఆస్తిపై హక్కు లేదను నియమమును ఇందే గలదు. 1911 నాటి శాసనము ఈ వారసత్వక్రమమును చాలవరకు మార్చినను, సీదనమను మాటయు, దానిపై స్త్రీ స్వామ్యమును నిలిచినవి.

భారతదేశమున కట్నము దస్తావేజులలో కనబడదు. కనబడినచో అది నేరమునకు సాక్ష్యము. యాళ్పాణమున సీదనపు దస్తావేజు నొత్తారిసు యెదుట వ్రాయబడు చట్టబద్ధమైన పత్రము. నొత్తారిసు డచ్చి శబ్దము. భూమిపత్రమును తమిళనాడున పత్రం అందురు, యాళ్పాణమున ఉఱుది అందురు. ఒకే భాష మాట్లాడు రెండు దేశముల నడుమ ఇన్ని భేదములకు కారణము వ్యాకరణము కాదు, రెండు విధములైన పాలనచరిత్ర. శ్రీలంకలో కట్నమును నిషేధించు ప్రత్యేకశాసనము నేటికిని లేదు. అంతమాత్రమున అచ్చటి తల్లిదండ్రులకు భారము లేదనరాదు. సీదనముతోపాటు వరుని కుటుంబమునకు రొక్కము చెల్లించు పద్ధతి యున్నది. దానికి డొనేషను అను ఆంగ్లపదమును వాడుదురు. స్త్రీకి చెందునది ప్రాచీనపదముతోను, వరునికి చెందునది పరాయిపదముతోను పిలువబడుట గమనింపదగినది.

కండి ప్రాంతపు సింహళధర్మమున వివాహము రెండు విధములు. దీగ వివాహమున వధువు భర్త ఇంటికి పోవును. ఆమెకు తండ్రి ఆస్తిపై హక్కు పోవును. బిన్న వివాహమున భర్తయే వధువు ఇంటికి వచ్చును. ఆమె హక్కు నిలుచును. తెలుగువారి ఇల్లరికము ఈ రెండవదానికి సమీపమైనది. వారసత్వమునకును నివాసమునకును గల సంబంధము మారినప్పుడెల్ల కట్నపు స్వరూపము మారుననుటకు ఇది నిదర్శనము.

7

బంగ్లాదేశమున యౌతకము చేరిన గతి అత్యంత విచిత్రము. సంస్కృత యౌతకమే వంగభాషలో జౌతుక్. స్వాతంత్ర్యానంతరము బంగ్లాదేశ్ 1980లో కట్న నిషేధశాసనమును చేసెను. 2018లో దానిని రద్దుచేసి క్రొత్త శాసనమును ప్రకటించినది. క్రొత్త శాసనపు పేరే జౌతుక్ నిరోధ్ ఆయిన్. జౌతుక్ కోరుట, ఇచ్చుట, తీసికొనుట అయిదేండ్ల వరకు కారాగారమునకు పాత్రమైన నేరములు. మనుధర్మమున కుమారీభాగమని పూజ్యమైన మాట, వంగదేశపు ముస్లిం బాహుళ్యముగల రాజ్యమున నేరపు పేరైనది. ముస్లింల దేన్‌మొహర్, అనగా మహర్, అచ్చటి నిర్వచనమున గూడ మినహాయింపబడినది.

సంఘస్థితిని విచారించినచో ఈ పరిణామమునకు కారణము తెలియును. వంగ గ్రామసీమలలోని ముస్లిం కుటుంబములలో వరుని పక్షమే వధువునకు పణమును ఇచ్చు ఆచారము పూర్వమున ఉండెను. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ ప్రవాహము ఎదురు తిరిగినది. క్రొత్త చెల్లింపునకు గ్రామభాషలో పేరు లేకపోవుటచే 'డిమాండ్' అను ఆంగ్లపదమును జనులు స్వీకరించిరి. యాళ్పాణపు 'డొనేషను', వంగగ్రామపు 'డిమాండ్' ఒకే వ్యాధికి రెండు పేర్లు. ఒకటి ఇచ్చువాని మర్యాదను, మరొకటి తీసికొనువాని బలమును సూచించును. శాసనకర్తలు మాత్రము వాడుకపదమును విడిచి సంస్కృతభవమైన జౌతుక్‌ను గ్రహించిరి.

8

పాకిస్తానమునకు వచ్చినచో జహేజ్ అను పదము ఎదురగును. ఇది అరబీ ధాతువునుండి పుట్టినది. సన్నాహము, సామగ్రి అని మూలార్థము. ఓడను తెలుపు జహాజ్ శబ్దమును ఇదే ధాతువునకు చెందినది. హిందీ దహేజ్ జహేజ్ యొక్క రూపాంతరము. వధువు వెంటపోవు సామగ్రి యను భావము ఈ మాటలో ప్రధానము. తెలుగు సారె దీనికి సమీపమైనది, కట్నము కాదు.

పాకిస్తాను శాసనము ఈ భావమునే అనుసరించినది. పశ్చిమ పాకిస్తానమున 1967లో చేసిన శాసనము జహేజ్‌ను నిషేధింపలేదు. దాని ప్రదర్శనమును నిషేధించినది. పెండ్లినాడు వస్తువులను పదిమందికి చూపుటయే పేదలకు హింసయని ఆ శాసనపు తలపు. 1976 శాసనము జహేజ్‌నకు పరిమితి విధించినది. నిర్వచనమున తల్లిదండ్రులు వధువునకు ఇచ్చినది అనియే యున్నది. వరునికి అను మాట లేదు. దాని విలువ అయిదువేల రూపాయలకు మించరాదు. వివాహవ్యయము రెండువేల అయిదువందలకు మించరాదు. ఇచ్చినదంతయు వధువునకే సంపూర్ణముగ చెందును. వరుని పక్షము వధువునకు ఇచ్చు బట్టలు, నగలకు వాడుకలో బరీ అని పేరు; శాసనము దానిని గూడ పరిమితము చేసి ఆమె సొత్తుగా నిర్ణయించినది.

భారతశాసనము ఒక పక్షము వేరొక పక్షమునకు ఇచ్చునని చెప్పి లంచమును తలచినది. పాకిస్తాను శాసనము వధువునకు ఇచ్చునని చెప్పి కానుకను తలచినది. ఒకటి నిషేధము, మరొకటి నియంత్రణము. రెండు దేశముల న్యాయవాదులును ఆంగ్లమున 'డౌరీ' యనియే వ్రాయుదురు. తమ తమ భాషలలో వేరు వస్తువులను గూర్చి మాట్లాడుదురు. ఆంగ్లమున మరొక చిక్కు గలదు. 'డౌరీ', 'డవర్' అను రెండు మాటలు లాటినులోని ఒకే మూలమునకు చెందినవి. ఇంగ్లండు ధర్మమున 'డవర్' భర్త ఆస్తిలో విధవకు చెందు జీవితభాగము. భారతదేశపు ఆంగ్లన్యాయవ్యవహారమున దానిని మహర్‌నకు వాడిరి. ఒక్క అక్షరభేదముతో నేరమును హక్కును వేరుచేయు పరిభాష ఎంత దుర్బలమో వేరుగ చెప్పనక్కరలేదు.

9

నేపాళము ఈ చిక్కును ఒక విధముగ విప్పుకొన్నది. అచ్చటి న్యాయపరిభాషలో పుట్టినింటివారు ఇచ్చినది దాయిజో. భర్తయు అతని పక్షపువారును ఇచ్చినది పేవా. రెండును స్త్రీ స్వంతధనములే. ములుకీ ఆయిన్ అను జాతీయస్మృతి ఈ విభాగమును పాటించినది. 2018 ఆగస్టునుండి అమలులోనున్న నూతన పౌరసంహితయు దీనిని నిలిపినది. వరుని పక్షము వెలకట్టి గైకొను ధనమునకు తిలక్ అను వేరుపదము గలదు. 1976 నాటి సామాజికవ్యవహార సంస్కరణ శాసనము తిలక్‌ను నిషేధించి, దాయిజోను పదివేల రూపాయలకు పరిమితము చేసినది.

తరాయి ప్రాంతమున మైథిలి మున్నగు భాషలవారి నడుమ తిలక్, దహేజ్ అను మాటలే ప్రచురము. వారి బంధుత్వములు సరిహద్దుకు ఇవతల బీహారులోను గలవు. పర్వతప్రాంతపు దాయిజోను తరాయి దహేజ్‌తో సమానముగ తలచుట ఆ దేశమున గూడ అపార్థములకు మూలము. అయినను హక్కునకు ఒక పేరు, దురాచారమునకు వేరొక పేరు నిలుపుటలో నేపాళ శాసనభాష ఇతరదేశములకంటె స్పష్టతరము.

10

పై పరిశీలనమునుండి మూడు సామాన్యాంశములు తేలుచున్నవి.

మొదటిది: ఈ పదముల అర్థమును నిర్ణయించునది వ్యుత్పత్తి కాదు, గ్రహీత. ధనము వధువు చేతికి చేరుచోట మాట హక్కును తెల్పును. వరుని తండ్రి చేతికి చేరుచోట అదే మాట నేరమును తెల్పును. స్త్రీధనశబ్దము యాళ్పాణమున మొదటి అర్థమును, కేరళమున రెండవ అర్థమును పొందుటకు ఇదియే కారణము.

రెండవది: శాసనము వాడుకను అనుసరించుటయే కాక వాడుకను శాసించును గూడ. 1961కు పూర్వము తెలుగు పెండ్లిమాటలలో కట్నము బహిరంగముగ పలుకబడుచుండెను. నిషేధానంతరము అది లాంఛనములు, మర్యాదలు, ఇచ్చిపుచ్చుకొనుటలు అను మెత్తని మాటల చాటునకు పోయినది. మాట మారినది గాని చెల్లింపు మారలేదు. శాసనము ముందు నిలువవలసిన సాక్షి నోట ఈ మెత్తని మాట వచ్చినపుడు దాని లోతును గ్రహింపవలసినవాడు భాషజ్ఞుడే.

మూడవది: కుమార్తె వారసత్వము బలహీనమైనచోట ఈ పదములు బలపడును. తిరువాంకూరు శాసనము, దేశవళమై, దీగ వివాహము మూడును కట్నమునకో వివాహమునకో బదులుగ వారసత్వమును తీసివేసినవి. ఆంధ్రప్రదేశ్ సవరణము ఆ ముడిని విప్ప యత్నించినది. శాసనము హక్కు నిచ్చినను, అన్నదమ్ములకు భాగము విడిచివ్రాయు అలవాటు తెలుగు కుటుంబములలో నున్నంతకాలము కట్నము దానికి బదులుగనే భావింపబడును.

11

ఈ విషయము నిఘంటుకారులకును అనువాదకులకును ప్రత్యేకముగ సంబంధించినది. సుప్రీం న్యాయస్థానము 2019లో తీర్పుల అనువాదమునకై సువాస్ అను యంత్రసాధనమును ప్రవేశపెట్టినది. తెలుగుతో సహా పలు భారతీయభాషలలో తీర్పులు లభించుచున్నవి. కేరళపు వ్యాజ్యమునందలి స్త్రీధనం తెలుగున స్త్రీధనమై దిగినచో, వంగపు జౌతుక్ హిందీలో యౌతుకమై దిగినచో, చదువరి తీర్పునకు విపరీతమైన అర్థమును గ్రహించును. యంత్రము రూపసామ్యమునే ఎరుగును, గ్రహీతను ఎరుగదు.

కావున ద్విభాషానిఘంటువులలో ఈ పదములకు ఒక్కొక్క ప్రత్యర్థపదమును ఇచ్చి ఊరకుండుట చాలదు. ప్రతి పదము క్రిందను నాలుగు సంగతులు ఉండవలెను: ఇచ్చువారు ఎవరు, పుచ్చుకొనువారు ఎవరు, స్వామ్యము ఎవరిది, ఆ దేశపు శాసనము దానిని అనుమతించునా, పరిమితము చేయునా, నిషేధించునా. ఈ పద్ధతి ననుసరించినచో మలయాళ స్త్రీధనమునకు తెలుగున కట్నమనియు, యాళ్పాణపు సీదనమునకు స్త్రీధనమనియు, ఉర్దూ జహేజ్‌నకు సారె లేదా అరణమనియు, నేపాళ తిలక్‌నకు వరకట్నమనియు వ్రాయవలసి వచ్చును. చూపునకు ఇది తారుమారుగ తోచును. అర్థమునకు మాత్రము ఇదియే యథాతథము.

తెలుగు ఈ పనికి అనువైన భాష. ఓలి, అరణము, సారె, పసుపుకుంకుమ, చదివింపులు, లాంఛనములు, కట్నము అని ఇచ్చువానిని పుచ్చుకొనువానిని వేరుపరచు పదములు దానికి సిద్ధముగ నున్నవి. న్యాయభాష వీనినన్నిటిని వరకట్నమను ఒక్క సంచిలో పోసినది. ఈ పదములను వాని వాని తావులలో మరల నిలిపినచో, తనదైన పసుపుకుంకుమ భూమికై న్యాయస్థానమునకు పోయిన స్త్రీ, కట్నమిచ్చిన నేరమును ఒప్పుకొన్నదానివలె నిలువవలసిన అవస్థ తప్పును.